ఎండ అడిగిన పరిగె

"ఈ మడుగు మీద పడే ఎండ ఏ ఒక్కడి సొత్తూ కాదు. నా రాజ్యంలో అది అందరిదీ!"

గద్దెనెక్కిన నాడు కొర్రమీను రాజు గండడు అన్న మాట ఇది. ఎప్పటి సంగతంటారా? కొండలింకా కుర్రవిగా ఉన్నప్పటిది.

ఆ మడుగులో ఒక ఆచారం ఉండేది. మిట్టమధ్యాహ్నం పెద్ద చేపలన్నీ లోతుకు దిగి, ఎండ పడే ఒడ్డునీళ్లను పిల్లచేపలకు వదిలేవి. అవి పచ్చటి నాచు మేసి నిగనిగలాడేవి.

ఒకనాడు గద్ద వచ్చి రాజుగారి తమ్ముణ్ని తన్నుకుపోయింది. రాజు గుండె జారిపోయింది. మడుగు పైనంతా గుర్రపుడెక్క ఆకు కప్పించాడు. "ఇక పైనుంచి భయం లేదు" అన్నాడు.

భయం పోయింది. ఎండా పోయింది. నాచు పాలిపోయింది.

తళుకు అనే కుర్ర పరిగెచేప వీపుమీది వెచ్చదనం కోసం కలవరించేవాడు. చీకట్లోనే పుట్టిన చెల్లెలు పుల్లలా చిక్కిపోయింది.

"అన్నా, ఎండ ఎట్లా ఉంటుంది?"

"ఎండే నాచవుతుందమ్మా. నాచే మనమవుతాం. లేత నాచు కొరికితే నోట్లో కరిగేది..."

వాడు రాజు దగ్గరికి వెళ్లాడు. "ప్రభూ, మాటిచ్చారు. మా ఎండ మాకివ్వండి."

"ఎండతో నాకేం పనిరా? పైకి తేలి గాలి మింగుతాను, కిందికొచ్చి చేపల్ని మింగుతాను. పో, లేకుంటే నిన్నే మింగుతా!"

రెండోసారి జట్టు కట్టి వెళ్లాడు. "వెలుగు మా జన్మహక్కు! చీకటి రాజ్యం నశించాలి!" అని అంతా అరిచారు.

రాజు ఆవలించాడు. "అరవండి, అరవండి. ఆకలి బాగా వేస్తుంది."

ఆకలి వేసింది, రాజుకే. పొద్దంతా మింగినా కడుపు వీపుకంటుకునే ఉంది. మూడోసారి తానే కబురు పెట్టి తళుకును పిలిపించాడు.

"ఏమిరా, ఇందరిని మింగినా ఒంట్లో సత్తువ నిలవదేం?"

"నాచు ఒడిసిపట్టిన ఎండలో మాకు దక్కేదే కొంచెం ప్రభూ. అందులోనూ చాలావరకు మా ఈతకే ఖర్చు. మీ నోటిదాకా వచ్చేది పిసరంత. మొదట్లోనే ఎండ లేకపోతే ఆ పిసరు ఎక్కణ్నుంచి వస్తుంది? మీరు మింగుతున్నది వట్టి ముళ్లు."

"మరి గద్దో?"

"గద్ద ఒక్కణ్ని ఎత్తుకుపోయింది. మీ చీకటి మా వాడకు వాడనే ఎత్తుకుపోయింది."

రాజు పైకి తేలాడు. ఒడ్డు వారన గుర్రపుడెక్కను తలతో కుమ్మి పక్కకు నెట్టాడు. చేటంత ఎండ నీళ్లలోకి దిగింది. చెల్లెలు దాని కింద ఆగి, కళ్లార్పకుండా చూసింది.

"అన్నా, ఇంతేనా?"

"కాదమ్మా. మడుగంత ఉంది."

"ఇచ్చానుగా, ఇక పదరా" అని రాజు గొణిగాడు.

తళుకు కదల్లేదు. "కిందివాళ్ల ఎండకు అడ్డం పడ్డవాడి కంచం కూడా ఖాళీ కాక తప్పదు ప్రభూ. మిగతా కప్పు తీస్తారా, తీయరా? కొత్త నీళ్లొచ్చే ఏరువాక పున్నమి లోగా జవాబు చెప్పండి."