రెండు నీళ్ళవాడు

ముందుది వెనక, వెనకది ముందు చెబుతానేమో. మీరే సర్దుకోండి పిల్లలూ. పేర్లు తప్పితే పక్కనున్న మా చెల్లి అన్నపూర్ణ చెబుతుంది.

అనగనగా తీరదేశానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరి తల్లి ఆ ఊరిదే, చనిపోయింది. మూడోవాడు విహంగుడి తల్లి ఏడు సముద్రాల అవతలి దీవిది. వాడికి తల్లి పిల్లికళ్ళు, తండ్రి నలుపు వచ్చాయి. అన్నలు వాణ్ణి “ఒరే రెండు నీళ్ళవాడా” అని పిలిచేవారు. తల్లికీ వాడికీ భోజనం వెనక వసారాలోనే.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు రాజుమీద కోపంతో ఆయన్ని రాయి చేసి పోయాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, పంజరంలో చిలకలో ఉంది. చిలక పంజరం దాటితే వాడు చస్తాడు. పెద్దన్న వెళ్ళాడు, రాలేదు. చిన్నన్న వెళ్ళాడు, రాలేదు. విహంగుడు బయలుదేరాడు.

ఒడ్డున ముసలి తాబేలు అడిగింది: “ఏ ఊరు నాయనా?”

“ఈ ఊరే తాతా.”

“కళ్ళు చూస్తే అలా లేవే.”

“ఇక్కడివాళ్ళూ అంతే అంటారు. అమ్మ ఊళ్ళో నా ఒళ్ళు చూసి ఏమంటారో మరి.”

“నన్నూ చేపలు గట్టువాడంటాయి, మేకలు నీళ్ళవాడంటాయి. ఎక్కు.”

ఏడు సముద్రాలూ దాటారు. పంజరానికి గడియ లోపలే ఉంది. తీస్తే చిలకే తియ్యాలి. విహంగుడు సంచిలోంచి జామపండు తీశాడు.

“నీకూ అదే ఆలోచనా?” అంది చిలక. “మొదట వచ్చినవాడు పండు ఆకులో పెట్టి తినమన్నాడు. నేను ఈ దీవిలోనే పుట్టాను. మా వైపు పెట్టేవాళ్ళు ముందు తిని చూపిస్తారు. విషమేమోనని అరిచాను. రెండోవాడు పినతల్లిని చూసి నేర్చుకున్నాడట, కొరికి ఇచ్చాడు. నేను పెరిగింది మీ తీరంలో. ఎంగిలి తింటానా? మళ్ళీ అరిచాను. కరాళుడొచ్చి ఇద్దర్నీ రాళ్ళు చేశాడు.”

విహంగుడికి నవ్వొచ్చింది. పండును రెండుగా కోసి, ఒక ముక్క తాను తిని, రెండోది ఆకులో పెట్టాడు.

“ఇలా ఎవరు నేర్పారు?”

“మా అమ్మ నాన్నకు ఇలాగే పెడుతుంది.”

చిలక ముక్క తింది. కాసేపు వాడి కళ్ళలోకి చూసి గడియ తీసింది. అది పంజరం దాటగానే కరాళుడి ప్రాణం గాలిలో కలిసిపోయింది. రాళ్ళన్నీ మనుషులయ్యాయి. వాళ్ళలో చిత్రవల్లి అనే రాకుమార్తె విహంగుణ్ణి అడిగింది: “నీ కళ్ళెందుకు అలా ఉన్నాయి?”

“అమ్మ ఇచ్చింది.”

“ఐతే మీ అమ్మను చూడాలి” అని వెంట వచ్చింది.

ఇంటి దగ్గర రాజు కూడా లేచి కూర్చున్నాడు. విందుకు వరసగా విస్తళ్ళు వేశారు.

“తమ్ముడూ, మా పక్కన కూర్చో” అన్నారు అన్నలు.

“మరి అమ్మ?” అన్నాడు విహంగుడు, నిలబడే.

రాజు తల దించుకున్నాడు. చివరికి పెద్దన్నే లేచి వసారాలోకి వెళ్ళాడు. “అమ్మా, లోపలికి రా” అన్నాడు. ఆవిణ్ణి వాడు అలా పిలవడం అదే మొదలు.

ఆ పంక్తిలోనే చిత్రవల్లితో పెళ్ళి మాటలయ్యాయి. విహంగుడు చాలాకాలం రాజ్యమేలాడు, పిల్లికళ్ళ పిల్లల్నీ నల్లకళ్ళ పిల్లల్నీ ఎత్తుకుని.

చెల్లీ అన్నపూర్ణా, మాంత్రికుడి పేరు కరాళుడేనా? ఆ పిల్ల చిత్రవల్లేనా? ఒకసారి గుర్తుచేసుకుని చెప్పవే.