ఊపిరి తగిలిన పొయ్యి

దేనక్ ఖాళీ నిప్పుకుండతో అగ్నిమందిరానికి వచ్చేసరికి గురువు ఆత్రపాత్ గడప మీద కూర్చుని కట్టెలకు బెరడు ఒలుస్తున్నాడు.

"మా పొయ్యి మైలపడిందయ్యా. కొత్త నిప్పు కావాలి."

"ఏమైంది తల్లీ?"

"వాడు ఊదాడు."

పార్థియాలో నిప్పంటే దేవుడు. మనిషి ఊపిరి దానికి మైల. పసిపిల్లలు కూడా విసనకర్రతో విసురుతారే గాని నోటితో ఊదరు. ఊదినవాడు ఆమె కన్నకొడుకు, వర్దాన్.

పాలపళ్లు ఊడని వయసులో వాడు రోము వెళ్లాడు. రెండు రాజ్యాలకూ సంధి కుదిరినప్పుడు, మాట తప్పనని హామీగా పార్థియా రాజు తన కొడుకును రోములో ఉంచాడు. రాకుమారుడికి తోడుగా పెద్దిళ్ల పిల్లలు కొందరిని పంపారు. యూఫ్రటీసు రేవులో వాణ్ణి పడవ ఎక్కించింది దేనకే. ఆ తర్వాత ఏ సైన్యమూ నది దాటి రాలేదు. వాడూ రాలేదు. మొన్న వచ్చాడు, నున్నగా గీసిన గడ్డంతో, మనిషంత మనిషై.

"ఊరంతా నవ్వుతోందయ్యా. గుర్రమెక్కితే పక్కకు జారాడు. 'మీవాడికి గుర్రం కాదు, ఉయ్యాల కట్టించు దేనకమ్మా' అంటున్నారు. రోమువాళ్లలా పక్కకు ఒరిగి పడుకుని తింటాడు. మన మాట ఒక్కొక్కటే వెతుక్కుంటాడు. అన్నీ ఓర్చుకున్నా. ఇవాళ లేచి చూద్దును కదా, పొయ్యి ముందు వంగి, బుగ్గలు పూరించి ఊదుతున్నాడు. నాకు చలేస్తోందని రాజేస్తున్నాడట."

"నువ్వేమన్నావు?"

"నా కొడుకువి కావు పొమ్మన్నాను."

బెరడు ఒలిచే చెయ్యి ఆగింది.

"రోము వర్తకుల బిడారు ఇవాళే రేవు దాటుతుంది. వాళ్లతో పోతానన్నాడు. వద్దనలేదు నేను."

గురువు లేచి, ముక్కూ నోరూ కప్పేలా తెల్లగుడ్డ కట్టుకున్నాడు. లోపలినుంచి కుండలో కణకణలాడే నిప్పులు తెచ్చాడు. ఆమె చెయ్యి చాపినా ఇవ్వకుండా ముందు నడిచాడు.

వర్దాన్ ఇంటి బయట మూట సర్దుకుంటున్నాడు. పక్కింటి గోడ మీంచి ఎవరో అరిచారు: "ఒరే రోము దొరా, తప్పుకోరా! నిప్పొస్తోంది!"

గోడ అవతల నవ్వులు. వర్దాన్ గబగబా వెనక్కి జరిగి, గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు.

గురువు నేరుగా అతని దగ్గరికి వెళ్లి కుండ అందించబోయాడు.

"అయ్యా!" దేనక్ అడ్డొచ్చింది. "వాడి నోటికి గుడ్డ కూడా లేదు."

"చేతులు కాలుతున్నాయి నాయనా," అన్నాడు గురువు వర్దాన్‌తో. "లోపల పెట్టిరా."

వర్దాన్ కుండ అందుకున్నాడు. తల్లి వైపు ఒకసారి చూశాడు. పెదవులు బిగించి, మొహం పక్కకు తిప్పుకుని, గడప దాటాడు.

తప్పు చేస్తే పట్టుకుందామని దేనక్ వెనకే గుమ్మందాకా వెళ్లింది.

పొయ్యి ఇంటికి ఆ చివర. అతను బూడిద లేవకుండా మెల్లగా నడుస్తున్నాడు. సగం దూరం వెళ్లేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. మోకాళ్ల మీద కూర్చుని నిప్పులు పొయ్యిలోకి జారవిడిచాడు. ఒకటి దొర్లిపోతే వేళ్లతోనే ఎత్తి లోపల వేశాడు. మెడ నరాలు ఉబ్బాయి. విసనకర్ర తీసుకుని విసిరాడు. పుల్ల అంటుకునేదాకా విసురుతూనే ఉన్నాడు.

అప్పుడు తెలిసిందామెకు, గడప దాటినప్పటినుంచీ వాడు ఊపిరి తీసుకోలేదని.

వర్దాన్ లేచి, బయటికి పోబోయాడు. గుమ్మంలో ఆమే నిలబడి ఉంది, అడ్డంగా. అతని కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. మొహం నల్లబడుతోంది. నోరు మాత్రం తెరవలేదు. దారిమ్మన్నట్టు చూశాడంతే.

దేనక్ పక్కకు జరగలేదు. తల మీది ముసుగు లాగి, దాన్ని వాడి ముక్కూ నోరూ కప్పేలా చుట్టింది. రెండు చేతులతో వాడి మొహాన్ని పట్టుకుంది.

"తీసుకో నాయనా," అంది. "ఊపిరి తీసుకో."