దత్తత వచ్చిన చించిల్లా

పూర్వం ఒక రేవు ఊళ్ళో నూకాలు అనే కుమ్మరి ఆవిడ ఉండేది. పిల్లల్లేరు. కుండలు కొనడానికి వచ్చిన ఓడవాడొకడు, తల్లిదండ్రులెవరో తెలియని చించిల్లా అనే దూరదేశపు జంతువు కూనను ఆమెకిచ్చి పోయాడు. అది ఎలుకకన్నా పెద్దది, కుందేలుకన్నా మెత్తనిది. రోజూ మట్టిపొడిలో పొర్లి, ఆమె ఒళ్ళో నిద్రపోయేది.

ఆ ఊరి జమీందారుకి వంశాల పిచ్చి. అలాంటి పిచ్చి పట్టినవాడికి ఎదుట ఉన్న ప్రాణం కనపడదు. వంశం చెప్పలేని జంతువునల్లా పొలిమేర దాటించేవాడు. ఒక ఉదయం పరివారంతో నూకాలు గుమ్మం ముందుకే వచ్చాడు.

"దీని వంశమేమిటే?"

"కుమ్మరోళ్ళమే బాబూ."

"నీది కాదు, దానిది."

"దానిదే చెబుతున్నాను బాబూ. పదిమంది ముందు బొట్టు పెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని దత్తత చేసుకున్నాను."

"దత్తత చేసుకుంటే పుట్టుక మారిపోతుందా?"

 నూకాలు కూనను పొదువుకుని మెల్లగా అంది.

"పెంచినింటి వంశమే బిడ్డ వంశమని తమరి తల్లి పెద్దమ్మగారు కోటలో అన్నారట బాబూ, తమరిని దత్తత తెచ్చుకున్న రోజున. ఆ మాట తప్పని తమరంటే, దీన్ని ఇప్పుడే వదిలేస్తాను."

తప్పంటే తన గద్దెకే చేటు. పరివారం తలలు వంచుకుంది.  జమీందారు చేతులు చాచి కూనను అందుకున్నాడు. అది వణికింది.

"కొత్త చేతులు కదా బాబూ, భయపడుతుంది."

"నేనూ భయపడ్డాను," అన్నాడాయన. "ఆ రాత్రంతా అమ్మ నన్ను ఒళ్ళోంచి దించలేదు."

కూనను తిరిగి నూకాలు ఒళ్ళోనే పెట్టాడు.