నారమ్మ మేడమ్ ఖాళీ నెల

నేను చెప్పేదాంట్లో రవ్వంత అబద్ధమున్నా నా పళ్ళన్నీ ఇప్పుడే రాలిపోవాలి. నవ్వకు లాస్యా, ఇంకా మూడున్నాయి!

అనగనగా ఒక అడవిలో, ఎండిన వాగు పక్కన, మబ్బుల్ని గీరే తుమ్మచెట్టు ఒకటి. ఆ చెట్టే విశ్వవిద్యాలయం. అక్కడ నారమ్మ మేడమ్ అనే గిజిగాడి పిట్ట గూళ్ళు అల్లడం నేర్పేది. ఏనుగు భద్రయ్యగారు వైస్ ఛాన్సలర్. ఆయన ఘీంకరిస్తే పక్క అడవిలో భూకంపమనుకుని సెలవిచ్చేసేవారు.

ఎండాకాలమంతా నారమ్మకు పాఠాలే పాఠాలు. తొలకరికి ముందు పరీక్షలు. మూడొందల పిట్టలు మూడొందల గూళ్ళు కట్టి కొమ్మలకు వేలాడదీసేవి. నారమ్మ ఒక్కో గూట్లో దూరి, ఊపి, ముడి లాగి చూసి మార్కులు వెయ్యాలి. ఆ పదిరోజులూ ఆమె ఎగురుతూనే తినేది, ఎగురుతూనే కునుకు తీసేది. తర్వాత వానలు, ఆపైన కొత్త చేరికలు. ఇంత హడావుడికీ మాఘంలో ఒకే ఒక్క నెల ఖాళీ. అప్పుడామె కళ్ళు మూసుకుని, ముక్కున గడ్డిపోచ పెట్టుకుని కూర్చునేది.

అది చూస్తే భద్రయ్యగారికి కంట్లో నలుసు పడ్డట్టుండేది. నిరుడు ఆ నెలంతా ఆమెకు కమిటీ పనులు అప్పజెప్పారు. నారమ్మ అన్నిటికీ "సరేనండీ" అంది. కొత్త ముడి ఆలోచించే తీరిక లేక పాత ముడే నేర్పింది. తొలి గాలివానకు నలభై గూళ్ళు మడుగులో రాలాయి. గుడ్లింకా పెట్టలేదు కాబట్టి సరిపోయింది.

"ఈ ఏడు ఒక్క గూడు రాలినా మీ ఉద్యోగం కొంగకిస్తాను," అన్నారు భద్రయ్యగారు.

మళ్ళీ మాఘం వచ్చింది. అటెండరు కాకి నోటీసు పట్టుకొచ్చింది.

"మేడమ్, ఏనుగుల స్నానాల కమిటీలో మీ పేరు వేశారండీ."

"కుదరదని చెప్పు."

మర్నాడు మళ్ళీ వచ్చింది. "వార్షికోత్సవానికి కోటి తోరణాలు కట్టాలటండీ."

"కుదరదని చెప్పు."

"అమ్మో, మీతోపాటు నా ఉద్యోగం కూడా కొంగకే పోయేట్టుంది!"

మూడోనాడు భద్రయ్యగారే వచ్చారు. "అడవిలో ఆకులన్నిటికీ నంబర్లు వెయ్యాలి. ఖాళీగానే ఉన్నారుగా?"

నారమ్మ ముక్కున ఉన్న గడ్డిపోచ పక్కన పెట్టింది. వాగువైపు చూపించింది. "ఖాళీగా ఉందని ఆ వాగులో మీటింగు హాలు కట్టించుకున్నారు. రేపు వానొస్తే నీళ్ళెక్కడికి పోవాలండీ?"

"నాకే పాఠాలు చెబుతున్నావా!" ఆయన తొండం విసురుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ నెలంతా నారమ్మ తొంభై వేలసార్లు ముడి వేసింది, విప్పింది. చివరికి మూడు మెలికల ముడి కుదిరింది. ఎండల్లో పిట్టలకు అదే నేర్పింది. పరీక్షలయ్యాయి, మార్కులు పడ్డాయి.

ఆ సాయంత్రమే గాలివాన! ఒక్కో చినుకు గుమ్మడికాయంత. కొండలు భయపడి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. వాగు పొంగింది. హాలు, కుర్చీలు, కమిటీల ఫైళ్ళు తేలుకుంటూ పోయాయి. వాటి వెనకే భద్రయ్యగారు! తుమ్మ మొదలు తొండానికి చిక్కబట్టి బతికారు.

పైన మూడొందల గూళ్ళు ఊగాయి, గిరగిరా తిరిగాయి. ఒక్కటీ రాలలేదు! పిట్టలన్నీ తలలు బయటపెట్టి "నారమ్మ మేడమ్‌కీ జై!" అని అరిస్తే ఉరుము సిగ్గుపడి నోరు మూసుకుంది.

భద్రయ్యగారు తడిసిన చెవులు దులుపుకున్నారు. "మేడమ్, ఈసారి హాలు ఎక్కడ కట్టమంటారు?"

"గట్టున కట్టించండి. నా మాఘం మీద మాత్రం కట్టకండి."

మర్నాడు కాకి అడవంతా వినబడేలా నోటీసు చదివింది: "మాఘమాసంలో మేడమ్‌ని ఎవరూ కదపరాదు!"

నీతి: పని పొంగే కాలాన్ని గెలవాలంటే, ఖాళీగా కనిపించే కాలాన్ని కాపాడుకోవాలి.

సరే, లే. మూడు లక్షల పేపర్లు దిద్ది మీ అమ్మ వరండాలో కళ్ళు మూసుకుని కూర్చుంది. ఈ కాఫీ తీసుకెళ్ళి పక్కన పెట్టిరా. "ఖాళీయేనా అమ్మా?" అని మాత్రం అడక్కు!