చిన్నదాని కోసం కదలని మేనమామ

అనగనగా ఒక ఊళ్ళో... మన ఊళ్ళో కాదురా కన్నమ్మా, సముద్రాలకి ఆవల, అమెరికా అడవుల్లో, చోక్తా అనే జనం ఉండే ఊళ్ళో, తిషోహోన అనే ఆవిడ ఉండేది. ఆవిడకి ముగ్గురు పిల్లలు. చిన్నది ఇలోహోక అప్పటికి చంకబిడ్డ. వాళ్ళ నాన్న జ్వరమొచ్చి పోయాడు.

తిషోహోనకి ఒక అన్న. పేరు హోతెమ. ఆ ఊరి పెద్ద ఆయనే. భార్య పోయింది, కడుపున పుట్టినవాళ్ళు లేరు.

ఆ జనంలో ఇల్లు ఆడవాళ్ళది, పొలం ఆడవాళ్ళది. పిల్లలు తల్లి వంశానికే చెందుతారు. తండ్రి ముద్దు చేస్తాడు. బుద్ధి చెప్పి, వేట నేర్పి, మనిషిని చేసేది మాత్రం మేనమామే.

అప్పుడేమో తెల్లదొరలు వచ్చారు. "ఈ నేల మాకిచ్చి మీరు పడమటికి పొండి" అన్నారు. ఎర్రబట్టలు, పూసలు ముందు పోశారు. హోతెమ వాటిని ముట్టుకోలేదు.

ఆ తర్వాత సిపాయిల్ని వెంటేసుకొచ్చారు. చాలా ఊళ్ళ పెద్దలు భయపడి, నేల వదులుకుంటున్నామన్న కాగితం మీద గుర్తు పెట్టేశారు. హోతెమ పెట్టలేదు. అయినా ఎక్కువమంది పెట్టేశారు కాబట్టి అందరూ పోవాల్సిందే అన్నారు దొరలు.

మూడోసారి ఒక దొర ఆయన్ని పక్కకి పిలిచి, మెత్తగా మాట్లాడాడు. "నువ్వు గుర్తు పెడితే ఇక్కడే ఉండిపోవచ్చు. నీకు నేలిస్తాం."

"మరి నా పిల్లలు?"

"నీకు పిల్లలెక్కడున్నారయ్యా?"

"ముగ్గురున్నారు."

"వాళ్ళు నీ చెల్లెలి పిల్లలు. మా చట్టంలో నీ పిల్లలు కారు."

హోతెమ దొర చేతికిచ్చిన కలం బల్లమీద పెట్టేసి లేచాడు.

ఇంటికొస్తే, సంగతి విన్న తిషోహోన ఏడుస్తూ, "నువ్వుండిపో అన్నయ్యా. అమ్మని పూడ్చింది ఇక్కడే కదా, ఆవిడ దగ్గర ఎవరో ఒకరుండాలి" అంది.

"అమ్మే బతికుంటే నన్నెటు పొమ్మనేది?" అన్నాడాయన.

తిషోహోన కళ్ళు తుడుచుకుంది. గడపని ఒక్కసారి నిమిరి, బిడ్డనెత్తుకుంది.

అప్పుడు బయల్దేరారు. చలికాలం, నదిలో మంచుగడ్డలు. తిండి చాల్లేదు. దారిలో ఎందరో రాలిపోయారు కన్నమ్మా. హోతెమ తన దుప్పటి చిన్నదానికి చుట్టి, గుండెకి కట్టుకుని నడిచాడు. ఆ చలికి ఆయన కాలివేళ్ళు నల్లబడి ఊడిపోయాయి. అప్పట్నుంచీ కుంటుతూనే నడిచేవాడు.

పోయి పోయి కొత్త నేల చేరారు. ఆడవాళ్ళు మళ్ళీ మొక్కజొన్న వేశారు. దుంగలతో ఇళ్ళు లేచాయి. కొన్నేళ్ళకి ఊళ్ళ పెద్దల సభ కూడింది. హోతెమ సభకి పోయేముందు చెల్లెలి దగ్గరికొచ్చాడు. ఆవిడ రోట్లో మొక్కజొన్నలు దంచుతోంది.

"సభలో ముందు ఏమడగమంటావే?"

"బడి అడుగు. ఆ కాగితంలో ఏం రాసుందో మన ఊళ్ళో ఒక్కరికీ తెలీలేదు. ఆడపిల్లలకి కూడా అడుగు" అంది రోకలి ఆపకుండానే.

సభలో ఒక ముసలాయన నవ్వాడు. "ఆడపిల్లలకెందుకయ్యా?"

"ఇల్లు వాళ్ళదీ, పొలం వాళ్ళదీ అంటాం. చదువొక్కటే మనదా?" అన్నాడు హోతెమ. ముసలాయన నవ్వు ఆగింది. సభ సరేనంది.

ఆ తర్వాత బడి కట్టారు. ఇలోహోకని మామే తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర అది ఆయన బొటనవేలు పట్టుకుని వదలదే!

"పో తల్లీ. మామ ఈ చెట్టుకిందే కూర్చుంటాడు."

లోపలికెళ్ళిన పిల్ల కిటికీలోంచి చూసింది. మామ ఉన్నాడు. కాసేపాగి మళ్ళీ చూసింది. అక్కడే ఉన్నాడు. మూడోసారి చూస్తే, చెట్టుకి చేరగిలబడి, నోరు తెరుచుకుని గుర్రుపెడుతున్నాడు.

పిల్ల కిసుక్కున నవ్వింది. పలక దగ్గరికి లాక్కుని, మొదటి అక్షరం దిద్దింది. ఇంక కిటికీ వైపు చూడలేదు.

కథ నడిచె కంచికి,
కన్నమ్మ చేరె మంచానికి.
మామ నిద్ర చెట్టుకింద,
మన నిద్ర దుప్పటికింద.