ఓడకు నింపిన నీళ్ళు

గవ్వలరేవు నుంచి ఎర్ర అద్దకపు బట్టలు ఓడలెక్కడం మొదలయ్యాక ఊళ్ళో అందరికీ పని దొరికింది. రంగునీళ్ళు కలిసి ఏరు మాత్రం ఎర్రబడింది. ఓడలకు మంచినీళ్ళు నింపే సింగారమ్మ రోజూ మోకాళ్ళ లోతు దిగి, తన కాలి మెట్టెలు కనిపిస్తాయేమోనని వంగి చూసేది.

ఒకనాడు విదేశీ వర్తకుడు ఆమెను రాజు ముందుకు లాక్కొచ్చాడు.

"నా పీపాల నిండా ఎర్రనీళ్ళు పోసింది! మూడు నెలల ప్రయాణం. ఇవి తాగితే బతుకుతామా?"

"ఏమిటే ఇది?" అని రాజు ఉరిమాడు.

"ఏటి నీళ్ళే ప్రభూ. అద్దకం పుణ్యమా అని మా ఇంట్లో మూడు పూటలా పొయ్యి వెలుగుతోంది, కాదనను. మూడేళ్ళుగా దానిమీద కాగేవి ఈ నీళ్ళే. ఇవి మంచివేనని తమరే దండోరా వేయించారు. మాకు మూడేళ్ళు పనికొచ్చినవి షావుకారుగారికి మూడు నెలలు పనికిరావా?"

మంచివంటే ఓడ సరుకెత్తకుండానే వెళ్ళిపోతుంది. చెడ్డవంటే దండోరా అబద్ధమవుతుంది. రాజు గొంతు తగ్గింది.

"ఏం కావాలి నీకు?"

"రంగునీళ్ళు ఏట్లో కలవకుండా దూరంగా గుంటలు తవ్వించండి. నా మెట్టెలు చూసుకోవాలనుంది."

గుంటలు తవ్వారు. రెండు వానాకాలాలు గడిచాక, ఓ ఉదయం నీటి అడుగున మెట్టె ఒకటి మసగ్గా మెరిసింది. కదిలితే పోతుందేమోనని సింగారమ్మ అలాగే నిలబడిపోయింది.