గానుగలవారి గడప

కుందూ నది ఒడ్డున మిట్ట మీద వెలసిన గానుగలమ్మ సన్నిధికి గోపురం లేదు, గోడలు కూడా లేవు. నేల మీద ఒక రాతి గడప, దాని వెనుక గుండ్రని రాతి కాలువ, అందులో నిలువుగా నిలిచిన పెద్ద రాతిచక్రం. ఇదేనా గుడి అని మొదటిసారి వచ్చినవారు మొహం చిట్లించడం మాకు అలవాటే. ఆ చక్రమే అమ్మవారు. పూర్వకాలంలో కట్టడాలకు సున్నమూ ఇసుకా కలిపి నూరిన గానుగ అది.

ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది ఇంటిపేరు గానుగల. బళ్లారి నుంచి బందరు దాకా ఈ ఇంటిపేరువారు ఉన్నారు. కులాలు వేరు, గోత్రాలు వేరు, కొందరికి దేవుడే వేరు. ఇంటిపేరు ఒక్కటైతే అన్నదమ్ముల వరుస కదా, పిల్లనివ్వవచ్చునా అని అడిగేవారు ప్రతి ముహూర్తాల కాలంలోనూ వస్తారు. వారికి జవాబు ఈ కథలోనే ఉంది.

పూర్వం ఇక్కడ నలభై మట్టి ఇళ్ల పల్లె ఉండేది. ఏటా కుందూ పొంగి పల్లపు వీధిని ఊడ్చుకుపోయేది. విసిగిపోయిన ఊరిపెద్ద చంద్రాయుడు ఏటి వెంబడి రాతిగోడ కట్టించ తలపెట్టి, సున్నం నూరడంలో చేయి తిరిగిన ఓబులప్పను పిలిపించాడు. ఓబులప్పది కాలు నిలవని బతుకు. ఒక ఊళ్లో కోట, ఇంకో ఊళ్లో బురుజు, పని ముగిసిన మర్నాడే గానుగచక్రం బండికెత్తాలి. నలుగురు పిల్లలు నాలుగు ఊళ్లలో పుట్టారు. భార్య లింగమ్మకు ఒక్కటే కోరిక, పొయ్యిరాళ్లు కదలని ఇల్లు. అది తెలిసి చంద్రాయుడు, వానల లోపు గోడ ముగిస్తే వాళ్ల ఇంటికి చోటు ఈ మిట్ట మీదేనని మాట ఇచ్చాడు.

ఇక ఓబులప్పకు కాలూ చేయీ ఆగలేదు. పగలంతా గోడకు సున్నం నూరి, పొద్దు వాలే వేళకు ఏటి ఆవలి గని నుంచి సున్నపురాయి తెచ్చుకుని మిట్ట మీద ఇల్లు లేపాడు. ఆ ఊళ్లో అదే మొదటి రాతి ఇల్లు. పైకప్పు ఒక్కటే మిగిలింది.

ఆ ఏడు వానలు నెల ముందే దిగాయి. ఏరు పెరిగి గనికి దారి మూసుకుపోయింది. గోడలో బండి పట్టేంత సందు ఉండగానే సున్నం నిండుకుంది. ఊరంతా పనులు మాని నీళ్ల వంకే చూస్తూ తిరగసాగింది. ఓబులప్పకు తెల్లవారుజామున కునుకు పడితే కలలో ఒక ముసలామె కనబడింది. ఆమె చేతులనిండా సున్నం.

"రాయి లేదంటావేమి? నీ ఇంటినిండా రాయే కదా" అన్నది.

"నా ఇల్లే దొరికిందా తల్లీ?"

"తక్కినవన్నీ మట్టివి నాయనా. మట్టిని కాలిస్తే సున్నమవుతుందా?"

ఓబులప్ప ఆ కలను ఒక రోజంతా కడుపులో దాచుకున్నాడు. ఆ ఒక్క రోజులో ఏరు రెండు మూరలు పెరిగింది. ఇక దాచలేక లింగమ్మకు చెప్పాడు. ఆమెకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి ఊరికోసమో నా ఇల్లా అని దెబ్బలాడింది. చివరికి తానే గడ్డపార తెచ్చి మగనికిచ్చింది.

"గడప ఒక్కటి ఇడ్సిపెట్టు" అంది. "మల్లా వచ్చి కట్టుకుంటాం కదా."

ఇంటి గోడలు బట్టీకెక్కాయి. కట్టెలు చాలకపోతే ఊరివారు తమ తలుపులు ఊడదీసి ఇచ్చారు. తీరా నూరే వేళకు ఎద్దులు కూలబడ్డాయి. సగం నలిగిన సున్నం గోడలో నిలవదు, వెన్నలా అయ్యేదాకా చక్రం ఆగరాదు. ఓబులప్ప కాడిని తన భుజానికెత్తుకున్నాడు. అది చూసి కుమ్మరి పోలయ్య వచ్చాడు, దూదేకుల హుసేని వచ్చాడు, వంతులు వేసుకుని ముప్పై ఒక్కమంది తిప్పారు. నిన్నటిదాకా ఆ పని మాది కాదన్నవారే వీరంతా. సందు పూడింది. నాలుగో నాడు పెద్ద వరద వచ్చి, గోడను ఒరుసుకుని పక్కకు తిరిగిపోయింది.

ఈ సంగతి విని ఏటి పొడుగునా ఊళ్లవారు మా ఊరికి రమ్మంటే మా ఊరికి రమ్మన్నారు. ఒక్కడు ఎన్ని ఊళ్లకని పోగలడు? ఓబులప్ప ఆ ముప్పై ఒక్కమందినీ తలా ఒక దిక్కు పంపాడు. వీళ్లు నీ వాళ్లు కారు కదా అని చంద్రాయుడు అడ్డు చెప్పబోయాడు.

"గానుగ తిప్పినోడు గానుగలోడే" అన్నాడు ఓబులప్ప. "ఇంగేమీ అడగొద్దు."

ఆ విధంగా ఇంటిపేరు పనివల్ల పాకింది గాని రక్తంవల్ల కాదు. కాబట్టి పిల్లను నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

ఓబులప్ప దంపతులు చక్రాన్ని ఇక్కడే నిలిపి, తామూ బయలుదేరారు. ఈ గోడ కాగానే మన మిట్టకు పోదామని ప్రతి ఊళ్లోనూ అనుకునేవారట. రాలేదు. వారి సమాధి తమ ఊళ్లోనే ఉందని ఆరు ఊళ్లవారు వాదులాడుకుంటారు. ఎవరి దగ్గరా రుజువు లేదు. మాకు అదే సంతోషం.

నేటికీ భక్తులు గడప దాటి వచ్చి, చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, పిడికెడు సున్నం తీసుకుపోతారు. దానిని పునాదిలో వేస్తే ఇల్లు నిలుస్తుంది. అద్దె ఇళ్లు మారి మారి విసిగినవారికి ఈ తల్లి తొందరగా పలుకుతుంది. అయితే మరే గుడిలోనైనా దర్శనమయ్యాక కాసేపు కూర్చుంటాము, ఇక్కడ మాత్రం ఎవరూ కూర్చోరు. మొన్న శ్రావణంలో మోకాళ్లు పట్టేసిన ఒక పెద్దావిడ చతికిలబడబోతే పూజారి సుంకన్న చేయి అందించాడు.

"రోంతసేపు ఓర్చుకోమ్మా. ఇంటామె లింగమ్మే ఇంగా వచ్చి కూర్చోల్యా. మనమెట్ల కూర్చుంటాం?"

ఆవిడ కొంగు సర్దుకుని నిలబడింది.